పెట్టిన మాట వెనక్కి తీసుకునే వీలు ఎంతవరకు ఇవ్వాలి? గ్రూపు నడిపేవాళ్ళ కోసం ఒక పోలిక

అపార్ట్‌మెంట్ గ్రూపు కానీయండి, పదో తరగతి బ్యాచ్ గ్రూపు కానీయండి, ఊరి గుడి కమిటీ గ్రూపు కానీయండి, నడిపేవాళ్ళ దగ్గరికి రెండు రకాల ఫిర్యాదులు వస్తుంటాయి. ఒకటి: “కోపంలో ఏదో పెట్టేశానండీ, ఇప్పుడు డిలీట్ అవడం లేదు, మీరైనా తీసెయ్యండి.” రెండోది: “ఆయన నన్ను నానా మాటలూ అన్నాడు. నేను జవాబు పెట్టగానే తన మెసేజ్ తీసేసుకున్నాడు. ఇప్పుడు చూసేవాళ్ళకి గొడవ నేనే పెట్టుకున్నట్టుంది.”

ఇద్దరూ అడిగేది న్యాయమే. మొదటివాళ్ళ మాట విని ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా తీసేసుకోవచ్చంటే రెండోవాళ్ళు బలవుతారు. రెండోవాళ్ళ మాట విని పెట్టింది పెట్టినట్టే ఉండాలంటే, ఒక్క రాత్రి నోరు జారినవాళ్ళు ఆ మాటను ఏళ్ళ తరబడి మోస్తారు. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, ఫేస్‌బుక్, వికీపీడియా ఈ చిక్కును తలా ఒక రకంగా తేల్చుకున్నాయి. గ్రూపు ఎక్కడ పెట్టాలో, అందులో ఏ నియమం పెట్టుకోవాలో ఇంకా ఎటూ తేల్చుకోని అడ్మిన్ల కోసం ఆ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒక్కటే: ఆ మాటకు ఎవరైనా జవాబిచ్చారా?

ఒక అపార్ట్‌మెంట్ గ్రూపు అనుకోండి. బోరు మోటారు కాలిపోయింది. ఉదయం చర్చ ఇలా నడిచింది:

> 302: రీవైండింగ్‌కి 9,500 అడుగుతున్నాడు. కొత్తది 32,000. కొత్తదే వేయిద్దాం, నా వాటా ఇవాళే పంపేస్తా.
> 203: రీవైండింగ్ సరిపోతుంది కదా సార్?
> 104: 302 వారు ముందు వేస్తానంటున్నారు కాబట్టి నేనూ సరే.
> 401: సరే అండీ. నా వాటా పంపేశా, స్క్రీన్‌షాట్ పెడుతున్నా.

సాయంత్రానికి 302 వాళ్ళు మనసు మార్చుకుని తమ మెసేజ్ తీసేశారు. ఇప్పుడు గ్రూపు తెరిచి చూస్తే 203 ఎవరిని అడిగారో తెలియదు, 104 దేనికి సరే అన్నారో తెలియదు, 401 మాత్రం అడక్కుండానే డబ్బు పంపిన అమాయకుల్లా కనిపిస్తారు. తీసింది ఒక్క మెసేజే అయినా మూడు మెసేజీల అర్థం మారిపోయింది. అదే మెసేజ్‌ను 203 వాళ్ళు నోరు విప్పకముందే తీసేసి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. జవాబు రాకముందు మాట అన్నవాళ్ళ సొంతం. వచ్చాక అందులో మిగతావాళ్ళకూ వాటా ఉంటుంది. నా తూకం అంతా దీని మీదే.

రెండోది, ఆ మాటలో ఎవరి వివరాలున్నాయి. ఎవరిదైనా ఫోన్ నంబరు, ఆధార్ ఫోటో, పిల్లల ఫోటో, ఆసుపత్రి రిపోర్టు బయటపడితే జవాబులు ఎన్ని వచ్చాయన్న లెక్క అక్కర్లేదు. వెంటనే పోవాలి.

మూడోది గ్రూపు పని. డబ్బు, నిర్ణయాలు నడిచే గ్రూపుకు రికార్డు కావాలి. బాధ చెప్పుకునే గ్రూపుకు మరుపు కావాలి. ఇక నాలుగోది, మీరు పెట్టిన నియమాన్ని యాప్ పాటించనిస్తుందా అన్నది. వాట్సాప్‌లో “జవాబు వచ్చాక డిలీట్ చేయకూడదు” అని రాసుకోగలం కానీ, అలా ఆపే మీట అందులో లేదు. నియమం మనుషుల మీద నడవాలి.

## ఒక్క చూపులో

| పద్ధతి | అన్నవాళ్ళకు | జవాబిచ్చినవాళ్ళకు | ఎక్కడ చూడొచ్చు |
|---|---|---|---|
| అసలు తీయలేరు | కష్టం | రక్షణ ఎక్కువ | ఈమెయిల్, పాత యూజ్‌నెట్ |
| గడువు లోపల తీయొచ్చు | ఫర్వాలేదు | కొంత రక్షణ | వాట్సాప్, హ్యాకర్ న్యూస్ |
| తీస్తే గుర్తు మిగులుతుంది | బాగుంటుంది | కొంత రక్షణ | వాట్సాప్, రెడిట్ |
| జాడ లేకుండా పోతుంది | చాలా సుఖం | రక్షణ లేదు | టెలిగ్రామ్, డిస్కార్డ్ |
| తీస్తే కింద జవాబులూ పోతాయి | చాలా సుఖం | అన్యాయం | ఫేస్‌బుక్ పోస్టులు |
| కొట్టివేత, మార్పుల చరిత్ర | ఒప్పుకునే ధైర్యం కావాలి | రక్షణ ఎక్కువ | వికీపీడియా, సిగ్నల్ ఎడిట్ |
| పేరు పోతుంది, మాట ఉంటుంది | బాగుంటుంది | రక్షణ ఉంది | స్టాక్ ఓవర్‌ఫ్లో, రెడిట్ |

## అసలు తీయలేని పద్ధతి

1990లలో అమెరికాలో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్ అనే అప్పటి ఇంటర్నెట్ చర్చల వ్యవస్థలో, ఎస్‌సీఐటీ (సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు) అనే చర్చావేదికలో కలిసేవాళ్ళు. తెలుగు అక్షరాలు తెర మీద కనిపించని రోజులవి. ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ పద్యాల దగ్గర నుంచి సినిమా హీరోల దాకా వాదించుకున్నారు. రాసినవాళ్ళలో చాలామంది సొంత పేరు, యూనివర్సిటీ ఈమెయిల్ అడ్రసుతో రాశారు. అవి ఎక్కడో సర్వర్లలో కొన్నాళ్ళుండి చెరిగిపోతాయనే అప్పటి లెక్క.

అలా జరగలేదు. 1995లో డెజా న్యూస్ అనే సంస్థ యూజ్‌నెట్ చర్చలన్నిటినీ పోగుచేసి వెతుక్కునే వీలు కల్పించింది. 2001లో గూగుల్ దాన్ని కొనేసింది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్ నుంచి కొత్తవి తీసుకోవడం ఆపేసినా పాతవి ఉంచింది. ఇరవై రెండేళ్ళ వయసులో ఆవేశంగా అన్న మాట యాభై దాటాక కూడా పేరు కొడితే బయటపడవచ్చన్న మాట. యూజ్‌నెట్‌లో రద్దు సందేశం పంపే ఏర్పాటు ఉండేది. కానీ ఒకరి పేరుతో ఇంకొకరు దొంగ రద్దులు పంపడం మొదలుపెట్టేసరికి చాలా సర్వర్లు వాటిని పట్టించుకోవడం మానేశాయి.

ఈమెయిల్ నేటికీ ఇంతే. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ ఉంది కదా అంటారేమో. అది పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాగదు, పంపడాన్నే కాసేపు ఆపి ఉంచుతుంది. ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు. సెట్టింగ్స్‌లో 5 సెకన్లే పెట్టుకుని ఉంటే ఇవాళే 30కి మార్చుకోండి.

ఈ పద్ధతి చరిత్ర రాసేవాళ్ళకు వరం. మామూలు గ్రూపుకు మాత్రం నేను సలహా ఇవ్వను. తీయలేమని తెలిసిన చోట మొహమాటస్తులు నోరు విప్పరు, గట్టిగా అరిచేవాళ్ళే మిగులుతారు.

## గడువు లోపల తీసే పద్ధతి

వాట్సాప్‌లో ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ 2017 చివర్లో వచ్చింది. అప్పుడు గడువు 7 నిమిషాలు. మరుసటి ఏడాది దాన్ని గంట పైచిలుకు చేశారు. 2022 ఆగస్టులో రెండు రోజులు దాటే వరకు పెంచారు. ఎడిట్ చేసే వీలు 2023 మేలో వచ్చింది, దానికి 15 నిమిషాలే.

డిలీట్‌కు రెండు రోజులిచ్చి ఎడిట్‌కు పావుగంటేనా అని చాలామంది విసుక్కుంటారు. నాకు ఆ పావుగంటే సరైనదనిపిస్తుంది. తీసేసిన మెసేజ్ ఏదో తీశారని చెబుతుంది. మార్చిన మెసేజ్ ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. వాట్సాప్ ‘ఎడిటెడ్’ అని చిన్న ముక్క చూపిస్తుందే తప్ప ముందు ఏముండేదో చూపించదు. పైన 302 వాళ్ళు తీసేయడానికి బదులు పది నిమిషాల్లో “నా వాటా ఇవాళే పంపేస్తా” అన్నదాన్ని “అందరూ వేశాక నేనూ వేస్తా” అని మార్చి ఉంటే 104, 401 ఏమనగలరు? అక్షర దోషం సరిదిద్దారో మాటే మార్చారో మూడో మనిషికి తెలియదు.

సిగ్నల్ ఎడిట్‌కు 24 గంటలిస్తుంది. కానీ ఆ ‘ఎడిటెడ్’ ముక్క మీద నొక్కితే పాత రూపాలన్నీ కనిపిస్తాయి. పాతది కనబడేటప్పుడు గడువు ఎంత పెంచినా ఇబ్బంది లేదు.

టెక్నాలజీ వాళ్ళు వాదించుకునే హ్యాకర్ న్యూస్‌లో ఇంకా తెలివైన ఏర్పాటుంది. రాసిన రెండు గంటల దాకా దిద్దుకోవచ్చు. తీసేయాలంటే దాని కింద ఇంకా ఎవరూ జవాబు రాసి ఉండకూడదు. మనకు కావాల్సిన నియమం అదే. వాట్సాప్ కూడా ఇది తెస్తే సగం అడ్మిన్ల టెన్షన్ తీరిపోతుంది.

## గుర్తు మిగిలే పద్ధతి

వాట్సాప్‌లో తీసినచోట ‘మెసేజ్ తొలగించారు’ అన్న అర్థంలో ఒక వాక్యం మిగులుతుంది. అడ్మిన్ తీస్తే ఏ అడ్మిన్ తీశారో పేరు కూడా పడుతుంది. రెడిట్ అనే చర్చావేదికలో మాట పోయి ఖాళీ చోటు మిగిలి, కింద జవాబులు అలాగే ఉంటాయి.

మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. అసెంబ్లీలో ఎవరైనా దురుసుగా మాట్లాడితే “రికార్డుల నుంచి తొలగించండి అధ్యక్షా” అని లేస్తారు కదా. లోక్‌సభ నియమావళిలో దీనికి 380వ, 381వ నియమాలున్నాయి. తొలగించిన చోట నక్షత్రం గుర్తులు పెట్టి, అధ్యక్ష స్థానం ఆదేశం మేరకు తొలగించినట్టు అడుగున రాయాలి. అక్కడ ఏదో అన్నారు, అది తీసేశారు అన్న సంగతి రికార్డులో ఉంటుంది. మాట మాత్రం ఉండదు. ప్రత్యక్ష ప్రసారంలో ఊరంతా వినేసిందన్నది వేరే విషయం.

వాట్సాప్ గుర్తుకు కూడా ఆ బలహీనతే ఉంది. ఎవరైనా పక్కకు జరిపి, అంటే స్వైప్ చేసి జవాబిచ్చి ఉంటే, అసలు మెసేజ్ తీసినా ఆ జవాబు పైన దాని ముక్క కనిపిస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే నోటిఫికేషన్ హిస్టరీ ఉంది, ఆన్ చేసి పెట్టుకున్నవాళ్ళకు గత 24 గంటలవి కనిపిస్తాయి. ఐఫోన్‌లో ఫోటోలు గ్యాలరీలోకి సేవ్ అయ్యేలా పెట్టుకుంటే, మీరు తీసేసినా అక్కడ ఉండిపోతాయి. ఫార్వర్డ్ అయినవి సరే సరి.

కాబట్టి తీసేశానన్న ధీమాతో “నేను అలా అనలేదే” అని బుకాయించడం మాత్రం వద్దు. అందరి దగ్గరా ఉంటుంది.

డబ్బు, ఓట్ల విషయాల్లో జవాబిచ్చేవాళ్ళకు ఒక చిట్కా: ఊరికే “సరే” అనకండి, స్వైప్ చేసి “సరే” అనండి. దేనికి సరే అన్నారో మీ జవాబుకే అతుక్కుని ఉంటుంది. 104 వాళ్ళకు ఇదొక్కటి తెలిసి ఉంటే సాయంత్రం అంత ఇబ్బంది ఉండేది కాదు.

## జాడ లేకుండా తీసే పద్ధతి

టెలిగ్రామ్‌లో మీ మెసేజ్ తీస్తే అక్కడేదో ఉండేదన్న గుర్తు కూడా ఉండదు. 2019 మార్చి నుంచి ఇద్దరి మధ్య చాట్‌లోనైతే ఎప్పటిదైనా, ఎదుటివాళ్ళు పంపినదైనా సరే, రెండు వైపులా తీసేయొచ్చు. ఎదుటివాళ్ళు రాసింది నేనెందుకు తీయాలి అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. టెలిగ్రామ్ మాత్రం మనిషి గోప్యతే ముఖ్యమంది.

వాదనలు జరిగే గ్రూపుకు దీనంత చెడ్డది లేదు. నాలుగు తిట్లు తిట్టి, ఎదుటివాళ్ళు రెచ్చిపోయాక తన నాలుగూ తీసేసుకుని, “చూడండి అడ్మిన్ గారూ, ఎలా మాట్లాడుతున్నారో” అనడం దీనితో ఎంత సులువో! కుల, రాజకీయ చర్చల్లో ఈ విద్యలో ఆరితేరినవాళ్ళుంటారు.

కానీ ఇదే పద్ధతి తప్పనిసరి అయిన చోటు కూడా ఉంది. ఇంట్లో హింస గురించి చెప్పుకునే ఆడవాళ్ళు, పిల్లలు కలగక చికిత్స చేయించుకుంటున్నవాళ్ళు, మద్యం మానడానికి ప్రయత్నిస్తున్నవాళ్ళు ఉండే గ్రూపుల్లో ‘ఇక్కడ ఒకటి తీశారు’ అన్న గుర్తు కూడా ప్రమాదమే. ఇంట్లో ఎవరైనా ఫోన్ లాక్కుని చూస్తే “ఏం తీశావు?” అని అడుగుతారు. అలాంటి చోట రికార్డు కంటే మనిషే ముఖ్యం. జవాబు గురించి పైన చెప్పిన నా నియమం ఇక్కడ పనికిరాదు, పక్కన పెట్టేయండి.

మాయమయ్యే మెసేజీలు ఇంచుమించు ఇదే కోవలోవి. వాట్సాప్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. అందులో ‘కీప్’ అనే ఏర్పాటు మాత్రం గమనించదగ్గది. మాయం కాబోయే మెసేజ్‌ను మీరు ఉంచుకోవాలనుకుంటే, పంపినవాళ్ళకు కబురు వెళుతుంది. వద్దంటే అది పోవాల్సిందే. ఆఖరి మాట అన్నవాళ్ళదే.

## తీస్తే అందరివీ పోయే పద్ధతి

తెలుగు సాహిత్య చర్చలు ఇప్పుడు చాలావరకు ఫేస్‌బుక్ గోడల మీదే జరుగుతున్నాయి. ఒకరు పోస్టు పెడతారు. కింద ఒక రాత్రంతా పదిమంది పుస్తకాలు తిరగేసి, ఉదాహరణలు వెతికి జవాబులు రాస్తారు. తెల్లారేసరికి పోస్టు పెట్టినవాళ్ళకు తలనొప్పి అనిపించి తీసేస్తారు. దానితోపాటు ఆ పదిమంది రాసిందీ గాలికి పోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ అడ్మిన్ చేయగలిగింది తక్కువ, రాసేవాళ్ళు చేయగలిగింది ఎక్కువ. రెండు పేరాలు దాటిన జవాబు ఏదైనా ముందు మీ నోట్స్‌లో రాసుకుని తర్వాత అతికించండి. లేదా మీ గోడ మీదే వేరే పోస్టుగా పెట్టి ఆ చర్చకు లింకు ఇవ్వండి. పోస్టు పెట్టేవాళ్ళకు నాదొక విన్నపం: విసుగొస్తే చర్చ ఆపేయండి, కామెంట్లు మూసేయండి. తీసేయకండి.

## కొట్టివేత

వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనుకా ఒక చర్చ పేజీ ఉంటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అనే పేరు. వికీపీడియాలో పద్ధతి ఏమిటంటే, మీ మాటకు ఎవరైనా జవాబిచ్చాక మనసు మారితే దాన్ని చెరిపేయకుండా మధ్యలో గీత కొట్టి, కింద మారిన అభిప్రాయం రాయాలి. ఓటేసినా అంతే. పాత ఓటు గీత కింద కనిపిస్తూనే ఉంటుంది. మీరు మొండిగా చెరిపేసినా పేజీ చరిత్రలో ప్రతి మార్పూ ఉంటుంది. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు లాంటివి పడితే మాత్రం ఆ చరిత్రలోంచి కూడా దాచేసే అధికారం కొద్దిమంది చేతిలో ఉంటుంది.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. “నేను అలా అన్నాను, ఇప్పుడు అలా అనుకోవడం లేదు” అని చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. జవాబిచ్చినవాళ్ళ మాట గాల్లో వేలాడదు. అన్నవాళ్ళు మొండిగా నిలబడాల్సిన పనీ ఉండదు.

మన గ్రూపుల్లో దీన్ని చేయడం ఎలా? వాట్సాప్‌లో మాటకు ముందూ వెనకా ~ గుర్తు పెడితే మధ్యలో గీత పడుతుంది. పావుగంట లోపల మనసు మారితే ఎడిట్ నొక్కి, రెండు వైపులా ఆ గుర్తు పెట్టి, పక్కన కొత్త మాట రాయండి. పావుగంట దాటితే మీ పాత మెసేజ్‌నే స్వైప్ చేసి “ఈ మాట వెనక్కి తీసుకుంటున్నా” అని రాయండి. 302 వాళ్ళు సాయంత్రం చేయాల్సింది అదే: “ఇంట్లో మాట్లాడుకున్నాం, కొత్తదానికి ఇప్పుడు వేయలేం, రీవైండింగే చేయిద్దాం. 401 వారి డబ్బు వెనక్కి పంపండి.” ఎవరూ తప్పు పట్టరు.

ఇబ్బంది ఒక్కటే. ఇది తిట్లకు పనికిరాదు. గీత కొట్టిన తిట్టు కూడా తిట్టే, పైగా అందరి కళ్ళూ దాని మీదే పడతాయి.

## పేరు తీసి మాట ఉంచడం

తెలుగువాళ్ళకు అంతగా అలవాటు లేని పద్ధతి ఇది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో, మీ ప్రశ్నకు మంచి ఓట్లు పడిన జవాబు వచ్చాక ఆ ప్రశ్నను మీరు తీసేయలేరు. జవాబు రాసినవాళ్ళ కష్టం పోకూడదని. కానీ దాని మీద మీ పేరు వద్దనుకుంటే అడిగి తీయించుకోవచ్చు. రెడిట్‌లో అకౌంట్ మూసేస్తే రాసినవి ఉంటాయి, పేరు పోతుంది.

రైతుల గ్రూపులో “మిరపకి ఆకు ముడత వస్తోంది, ఏం కొట్టాలి?” అన్న ప్రశ్న, దాని కింద వచ్చిన జవాబులు వచ్చే సీజన్‌లో ఇంకొకరికి పనికొస్తాయి. అడిగినవాళ్ళు గ్రూపు వదిలిపోయినంత మాత్రాన అవి పోనక్కర్లేదు. మంచి ప్రశ్న, జవాబు కలిపి పేర్లు లేకుండా ఒక డాక్యుమెంట్‌లో రాసి పెట్టుకోండి. గ్రూపులో ఎవరు ఏది తీసుకున్నా మీకు నష్టం లేదు.

## తీసేస్తే కేసు పోతుందా?

పోదు. ఈ విషయంలో చాలామందికి భ్రమ ఉంది. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్వీ శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టుల గురించి అవమానకరమైన ఒక ఫేస్‌బుక్ పోస్టు షేర్ చేశారు. తర్వాత తీసేశారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా కేసులు కొట్టేయడానికి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సోషల్ మీడియా వాడేటప్పుడు జాగ్రత్త తప్పదంది.

అడ్మిన్లకు కాస్త ఊరట. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యులు కారని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు అన్నాయి.

నా వివరాలు తీయించుకునే హక్కు నాకు లేదా అంటే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలాంటి హక్కును రాసింది. కానీ ఎవరికి వాళ్ళు బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు, సొంత పనులకు, ఇంటి పనులకు మామూలు మనుషులు వాడుకునే వివరాలకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి చుట్టాల గ్రూపులో గొడవకు ఆ చట్టం చూపించి లాభం లేదు. యూరప్‌లో ఉన్నవాళ్ళకు 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 17వ అధికరణం ఉంది. కంపెనీని అడిగి తీయించుకోవచ్చు. అందులోనూ భావప్రకటన స్వేచ్ఛకు మినహాయింపు ఉంది.

బెదిరింపులు, వేధింపుల మెసేజ్ అయితే అడ్మిన్ తీసేముందు తేదీ, సమయం, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. బాధితులు ఫిర్యాదు ఇవ్వాలనుకోవచ్చు. వాళ్ళను ఫోన్‌లో ఉన్న అసలు చాట్ కూడా చెరపవద్దనండి.

## మీది ఏ గ్రూపు?

అపార్ట్‌మెంట్, గుడి కమిటీ, సంఘం. వాట్సాప్ చాలు. డబ్బు మాట మీద జవాబు వచ్చాక డిలీట్ వద్దు, కొట్టివేతే. ఓటింగ్ పోల్ మాత్రం అడ్మినే పెట్టాలి. పెట్టినవాళ్ళు తీసేస్తే పడిన ఓట్లూ పోతాయి. తేలిన నిర్ణయాన్ని అడ్మిన్ ఒక మెసేజ్‌గా రాసి పిన్ చేయాలి. పిన్ 30 రోజులకు మించి ఉండదు, అందుకని రిజిస్టర్‌లో కూడా రాసుకోండి.

పాత స్నేహితులు, బంధువులు. ఎవరు ఏం తీసుకున్నా వదిలేయండి. “ఏం తీశావు బావా?” అని అడగకపోవడమే ఇక్కడి మర్యాద.

వాదనల గ్రూపు. టెలిగ్రామ్ వద్దు. వాట్సాప్‌లో గుర్తయినా మిగులుతుంది. సిగ్నల్‌లో ఎడిట్ చరిత్ర కనబడుతుంది కాబట్టి ఇంకా మేలు, కాకపోతే మనవాళ్ళను సిగ్నల్‌కు తీసుకురావడమే కష్టం. సాక్ష్యాలతో నిదానంగా వాదించుకునేవాళ్ళకు వికీ చర్చ పేజీ లాంటిది బాగుంటుంది.

బాధ పంచుకునే గ్రూపు. మాయమయ్యే మెసేజీలు పెట్టండి, 24 గంటలకు. లేదంటే టెలిగ్రామ్. స్క్రీన్‌షాట్ తీస్తే గ్రూపు నుంచి తీసేస్తామని ముందే చెప్పండి. యాప్ ఆపలేని పని అది.

ఆఫీసు. ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో ఎడిట్, డిలీట్ ఎవరికి, ఎంతసేపు అన్నది అడ్మిన్ పెట్టుకోవచ్చు. ఎడిట్‌ను తక్కువ సమయానికి పెట్టి, డిలీట్ తీసేయడం మంచిది.

## పిన్ చేసుకోదగ్గ నియమం

> 1. మీ మెసేజ్‌కు ఎవరూ జవాబివ్వకముందు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. ఎవరూ కారణం అడగరు.
> 2. జవాబు వచ్చాక తీయకండి. గీత కొట్టండి, లేదా “వెనక్కి తీసుకుంటున్నా” అని రాయండి.
> 3. ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డులు, పిల్లల ఫోటోలు, ఆరోగ్య వివరాలు పడితే అడ్మిన్ వెంటనే తీస్తారు.
> 4. తిట్లు అడ్మిన్ తీస్తారు. తీశాక “ఇక్కడ ఒకరు ఇంకొకరిని దూషించారు, తొలగించాం” అని ఒక వాక్యం పెడతారు.

నాలుగోది మర్చిపోవద్దు. ఆ వాక్యం లేకపోతే జవాబిచ్చినవాళ్ళే గొడవ మొదలుపెట్టినట్టు మిగులుతారు.

అడ్మిన్లు ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉండాలి. గొడవలో ఒక అడ్మినే ఉంటే ఆ రోజుకు తీసే పని ఇంకో అడ్మిన్‌ది. వాట్సాప్‌లో ఎవరు తీశారో పేరు పడుతుంది కాబట్టి, తన మీద వచ్చిన విమర్శను తానే తీసేసుకున్న అడ్మిన్ పేరు గ్రూపులో అందరికీ కనిపిస్తూ ఉంటుంది.